తడిపిన పొట్టు

ఐసు తొట్టిలోంచి చెయ్యి బయటికి తీస్తే పని ఆగినట్టు లెక్క. అందుకని వదిన చెయ్యి తీయకుండానే తల మాత్రం తిప్పి, వెనక గోడ వైపు వాసన చూసింది.

రొయ్యల షెడ్డులో వాసన ఒక వింత కాదు. నీచు వాసన అక్కడి ఆడవాళ్ళ జుట్టులో, గోళ్ళలో, ఇంటి దగ్గర దిండ్లలో కాపురం పెట్టి ఏళ్ళయింది. కానీ ఇవాళ వస్తున్నది అది కాదు. వెనక పొట్టు షెడ్డులోంచి, మూతలు బిగించిన డ్రమ్ముల్లోంచి, ఒక కుళ్ళు వాసన గోడ మీదుగా దిగుతోంది.

"ఏమ్మా, ఎలక చచ్చిందా, మేస్త్రీ చచ్చాడా?" అంది రేడియో. ఆమె నోరు పొద్దున తెరిస్తే సాయంత్రం సైరన్‌కే మూతపడుతుందని ఆ పేరు పెట్టారు.

"మేస్త్రీ అదిగో, కాటా దగ్గరున్నాడు" అంది పక్కనామె.

"అయితే ఎలకే. మనకంత అదృష్టం కూడానా."

బల్ల చుట్టూ నవ్వు లేచింది. వదిన నవ్వలేదు. ఆమె వేళ్ళు రొయ్య తల తుంచి ఒక బుట్టలో, ఒలిచిన పొట్టు ఇంకో బుట్టలో, మాంసం మూకుడులో వేసుకుంటూ పోతున్నాయి. మనసు మాత్రం గోడ అవతలే ఉంది.

షెడ్డులో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. అసలు అలా పిలిచే వరస ఉన్నది ఒక్క మనిషికే, ఆమె మొగుడి చెల్లెలికి. మొగుడు వదిలేస్తే అన్న ఇంటికి చేరిన ఆ పిల్ల, ఇక్కడ పనిలో దిగిన కొత్తలో ప్రతిదానికీ గాభరాపడి "వదినా, వదినా" అని వెంట తిరిగేది. విన్నవాళ్ళందరి నోటికీ అదే అంటుకుంది. ఇప్పుడు కాటా వేసే ముసలాయన కూడా వదినే అంటాడు. ఆయనది ఆమె తండ్రి వయసు.

ఆ ఆడపడుచు ఇప్పుడు గోడ అవతల, ఆ కుళ్ళు వాసన పక్కనే ఉంది.

రొయ్య తలకాయకి ముల్లుంటుంది. గుచ్చుకుంటే పెద్ద గాయమేమీ కాదు, సూదిపోటంత. కానీ ఆ పోటులోకి ఐసు నీళ్ళు, నీచు నీళ్ళు దిగుతాయి. చర్మం ముందు తెల్లబడి ఉబ్బుతుంది, తర్వాత పొరలు పొరలుగా లేస్తుంది. ఆడవాళ్ళు పటిక నీళ్ళలో వేళ్ళు ముంచుకుంటారు, పళ్ళు బిగబట్టి మళ్ళీ తొట్టిలో పెడతారు. కొందరికి ఆరుతుంది. కొందరికి ఆరదు. ఆడపడుచుకి ఆరలేదు. కుడిచేతి వేళ్ళు నల్లబడి, గోళ్ళు ఊడి, అన్నం ముద్ద కలుపుకోవడం కూడా కష్టమైంది. డాక్టరు చూసి, చెయ్యి తడి తగలనివ్వద్దు, మళ్ళీ నీళ్ళలో పెట్టావంటే వేళ్ళు తీసేయాల్సి వస్తుంది అన్నాడు. చేపని పట్టుకుని నీళ్ళ జోలికి పోకు అన్నట్టుగా ఉంది ఆ మాట. ఇంట్లో ఉన్నది ఒక్క గది. అన్న ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తాడు. చెల్లెల్ని ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఆ పిల్లకి పెద్ద మాట. వడ్డించుకునేటప్పుడు చారెడు తగ్గించుకునేది.

అలాంటి వేళ పొట్టు షెడ్డు వచ్చింది.

అంతకుముందు పొట్టంతా వెనక కాలవలో పోసేవాళ్ళు. కాలవ పక్క ఇళ్ళవాళ్ళు ముక్కులు మూసుకుని మూసుకుని ఓ రోజు రోడ్డెక్కారు. అధికార్లు వచ్చి జరిమానా రాశారు. జరిమానా కట్టీ కట్టీ విసిగిన ఓనరు ఎక్కడినుంచో ఒక చదువుకున్న అమ్మాయిని తెచ్చి పెట్టాడు. ఆడవాళ్ళు ఆమెకి ల్యాబమ్మ అని పేరు పెట్టారు. ఆ అమ్మాయి మంచిదే. బల్ల దగ్గరికొచ్చి పొట్టు ముక్క ఒకటి వెలుతురుకి పట్టి చూపించి చెప్పింది:

"ఇందులో సున్నం ఉంటుందక్కా. అంటుకున్న మాంసం ఉంటుంది. ఆ రెంటి మధ్య, బట్టలో నూలుపోగులా ఇంకొకటి ఉంటుంది. మనకి కావాల్సింది ఆ పోగు. పుండ్ల మీద వేసే పొర చెయ్యొచ్చు, మురికి నీళ్ళు తేర్చొచ్చు, ప్లాస్టిక్కు బదులు చుట్టే కాగితం చెయ్యొచ్చు. బయట అందరూ దీన్ని ఘాటు యాసిడ్లో ఉడికించి తీస్తారు. ఆ నీళ్ళు మళ్ళీ కాలవలోకే. నేనలా చెయ్యను. చెరుకు మడ్డి కలిపి, తోడేసి, మూతపెడతా. అదే పులుస్తుంది. ఆ పులుపే సున్నాన్ని వదిలిస్తుంది."

"పొట్టుని కూడా తోడు పెడతారంటే వినలేదమ్మా" అంది రేడియో. "రేపు మేస్త్రీని పెట్టండి. ఆయనలో ఏం వదుల్తుందో చూద్దాం."

డ్రమ్ములోంచి తీసి కడిగినదాన్ని వలల మీద ఆరబెట్టి తిరగెయ్యడానికి ఒక మనిషి కావాల్సొచ్చింది. పొడి పని. వదిన వెళ్ళి అడిగింది. ల్యాబమ్మ ఆడపడుచు చేతుల వంక చూసి, ఇంకేమీ అడక్కుండా తీసుకుంది. అంతటితో ఆగలేదు. మొదటి తడవ తయారైన పల్చటి పొర ముక్కలు కత్తిరించి ఆ వేళ్ళకి చుట్టింది. వారం వారం మారుస్తూ వచ్చింది. ఓ ఆదివారం ఆడపడుచు కిటికీ దగ్గర చెయ్యి పెట్టి పిలిచింది. "వదినా, చూడు." ఊడిన గోరు చోట కొత్త గోరు, బియ్యపు గింజంత, ఎర్రగా తొంగి చూస్తోంది. వదిన దాన్ని ముట్టుకోబోయి, తన చెయ్యి తడిగా ఉందని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

ల్యాబమ్మ ఇంకో పని కూడా చేసింది. తలలు వేరు, పొట్టు వేరు చేస్తే ఒలిచే పని నెమ్మదిస్తుంది. ఒలిచిన మాంసానికే కూలి కాబట్టి ఆ నష్టం ఆడవాళ్ళది. ఆమె ఓనరుతో వాదులాడి, పొట్టుకి కూడా తూకం వేసి డబ్బులివ్వాలని ఒప్పించింది. వచ్చేది ఒక పూట కూరగాయలకి సరిపోయేంతే. అయినా ఆ డబ్బు మేస్త్రీ చేతిమీదుగా రాదు, వాడి దగ్గర చేసిన బాకీలో జమకాదు, నేరుగా ఆడదాని కొంగులోకి వస్తుంది. అందుకే మేస్త్రీకి ఆ షెడ్డంటే కళ్ళలో కారం కొట్టుకున్నట్టుండేది.

మొన్నామధ్య ల్యాబమ్మ దిగులుగా వచ్చి చెప్పింది. "ఓనరు గారు లెక్క చూస్తారట అక్కా. పొట్టు తూకం బాగా కనబడితేనే షెడ్డు ఉంచుతారట. లేకపోతే మూసేసి, ఎవరో కాంట్రాక్టరుకి ఇచ్చేస్తారట."

బల్ల దగ్గర అందరూ విన్నారు. వదిన విని ఊరుకోలేదు.

ఆ షెడ్డులో తూకం పెంచడం ఎలాగో వదినకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అది ఆమె పని. రొయ్యలు ఒలవడం అయ్యాక, పెట్టెల్లోకి సర్దేముందు, వాటిని మందు నీళ్ళలో నానబెడతారు. తెల్లటి పొడి, సంచీల్లో వస్తుంది. ఆ నీళ్ళు తాగి రొయ్య నిగనిగలాడుతుంది, బరువు తూగుతుంది. తక్కువ నానితే తూకం రాదు, ఎక్కువ నానితే రొయ్య జిగురెక్కి పగులుతుంది. ఎప్పుడు తీయాలో వదిన వేళ్ళతో నొక్కి చెబుతుంది. దేశం కాని దేశంలో ఎవరో డబ్బు పోసి కొనుక్కుంటున్నది సగం నీళ్ళేనని అక్కడ అందరికీ తెలుసు. దాన్ని ఎవరూ మోసమనరు. తడపడం అంటారు. తూకానికి ముందు తడపడమనేది, తినేముందు చెయ్యి కడుక్కోవడం లాగా, అక్కడి పని పద్ధతి.

కాబట్టి వదిన పొట్టు బుట్టల్ని కూడా తడిపింది. రొయ్యలు తీసేశాక తొట్టిలో మిగిలిన మందు నీళ్ళలో ముంచి, కాసేపు ఉంచి, కాటా దగ్గరికి పంపింది. మర్నాటికి మిగతా బల్లలవాళ్ళూ అదే పట్టుకున్నారు. పొట్టు తూకం పొంగింది. ల్యాబమ్మ ముఖం వెలిగింది. గోడ అవతల ఆడపడుచు డ్రమ్ములు నింపుకుంటూ ఉంది. పొట్టు తడిగా వస్తోందని చూసింది కానీ, వదిన తడిపిందంటే తడపాల్సిందే అయ్యుంటుందనుకుంది.

ఇవాళ మూతలు తీశారు.

మధ్యాహ్నం భోజనాల గంటకి ల్యాబమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. చేతికి తొడుగులు అలాగే ఉన్నాయి. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మొత్తం పోయిందక్కా. ఒక్క డ్రమ్ము కూడా పులవలేదు. అన్నీ కుళ్ళిపోయాయి. పొట్టుని మీరేమన్నా చేశారా?"

అందరూ గిన్నెల్లోకి చూశారు. రేడియో కూడా గిన్నె మూత వంక చూస్తోంది.

"తడిపానమ్మా" అంది వదిన.

"ఎందుకు?"

వదినకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "తూకానికి ముందు తడపకపోతే ఎలాగమ్మా?"

"దేంట్లో తడిపారు? మామూలు నీళ్ళేనా?"

"నీళ్ళతో ఏం తూగుతుంది? మందు నీళ్ళలో."

ల్యాబమ్మ అక్కడే బోర్లించిన బుట్ట మీద కూలబడింది. కోప్పడితే బాగుండేది. ఆ అమ్మాయి కోప్పడలేదు. మెల్లగా అడిగింది, "పాలలో సోడా వేసి తోడు పెడితే పెరుగవుతుందా అక్కా?"

"కాదు. తోడుకోవు, పాడవుతాయి."

"అదే అయింది. ఆ మందు కూడా సోడా లాంటిదే. పులుపుని లేవనివ్వదు."

వదిన నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఆ షెడ్డు నిలవాలని, ఆ పిల్ల చెయ్యి పొడిగా ఉండాలని తాను చేసిన పని, తన చేత్తోనే దాని గొంతు నొక్కిందన్న సంగతి ఆమెకి అన్నం గిన్నె ముందు కూర్చునుండగా తెలిసింది. గిన్నె మీద మూత పెట్టేసింది.

మేస్త్రీ ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. పెళ్ళికి పిలుపొచ్చినట్టుంది వాడి ముఖం.

"ఓనరు గారితో మాట్లాడా. పొట్టుకి డబ్బులు ఇవాళ్టితో బంద్. దొంగ తూకాలకి ఎవడిస్తాడు డబ్బులు? తల వేరు, పొట్టు వేరు చెయ్యడం మాత్రం ఆపకండి, అది అలాగే జరగాలి. ఇంక ఆ పొట్టు షెడ్డులో మనిషి అక్కర్లేదు. మేడమే చూసుకుంటారు. మీ ఆడపడుచుని ఇప్పుడే వచ్చి బల్ల దగ్గర కూర్చోమను."

"అది ఏం చేసిందని?" అంది వదిన.

"తడి పొట్టు దించుకుంది. కళ్ళుండీ చూళ్ళేదు."

"తడిపింది నేను."

"తెలుసు."

"నన్ను తీసెయ్యి మరి."

మేస్త్రీ నవ్వాడు. వాడి నవ్వులో మురిపెం కూడా ఉంది, అదే వదినకి ఒళ్ళు మండించింది. "నిన్ను తీసేస్తే రొయ్యలెవరు తడుపుతారు, నేనా? ఇంకొకరు చేస్తే ఒకటి ఉబ్బుతుంది, ఒకటి పగులుతుంది. ఓనరు గారు కూడా అదే అన్నారు, వదిన జోలికి పోకు అని. జరిగినదానికి ఎవర్నో ఒకర్ని ఏదో ఒకటి చెయ్యాలిగా. నీ ఇంటి మనిషేగా, నువ్వే సర్ది చెప్పుకో."

"దాని వేళ్ళు చూశావా?"

"అందరి వేళ్ళూ అంతే. కలెక్టరు వేళ్ళతో ఎవరొస్తారిక్కడికి?"

వదిన ల్యాబమ్మ వైపు తిరిగింది. ల్యాబమ్మ లేచి నిలబడింది. "వాళ్ళ ఆడపడుచు తప్పేం లేదండీ. అసలు తడపొద్దని నేనే ముందు చెప్పుండాల్సింది. నాకు తెలీలేదు, ఇలా చేస్తారని."

"మేడం" అన్నాడు మేస్త్రీ, చాలా మర్యాదగా. "ఓనరు గారు మీకు ఇంకో అవకాశం ఇద్దామనే అంటున్నారు. డబ్బులివ్వక్కర్లేదు, జీతం మనిషి అక్కర్లేదు అంటే షెడ్డు గిట్టుబాటవుతుందని ఆయనకీ అర్థమైంది. మీకు షెడ్డు కావాలా, ఆ పిల్ల కావాలా? చెప్పండి, చెప్పేస్తా."

ల్యాబమ్మ నోరు తెరిచింది. గోడ వైపు చూసింది. అవతల డ్రమ్ములున్నాయి. ఆమె చదువు, ఆమె కాపాడాలనుకున్న కాలవ, ఆమె పొర అన్నీ ఆ గోడ అవతలే ఉన్నాయి. తెరిచిన నోరు మూసుకుని, చేతి తొడుగులు ఒక్కో వేలే లాగి తీస్తూ నిలబడింది. ఎంతకీ పైకి చూడలేదు. వదినకి ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. వచ్చుంటే నయమే, అక్కడికి ఒకటి తేలిపోయేది.

ఆడపడుచు వచ్చింది. ఏం జరిగిందో ఎవరూ ఆమెకి చెప్పక్కర్లేకపోయింది. బల్ల దగ్గర ఖాళీ పీట లాక్కుని కూర్చుంది. వేళ్ళకి చుట్టి ఉన్న పొరలు నీళ్ళు తగిలితే జారిపోతాయని, తనే ఒక్కొక్కటీ ఊడదీసి, రవికలో దాచుకుంది. కొత్త గోళ్ళు నాలుగు, ఇంకా గట్టిపడనివి. తొట్టి అంచు మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఐసులో దించింది. అంతే, రొయ్య అందుకుంది.

"నెమ్మదిగా కానివ్వమ్మాయ్" అంది రేడియో. షెడ్డులో రొయ్య తలలు తెగే చప్పుడు మళ్ళీ మొదలైంది.

సాయంత్రం లారీ వచ్చింది. వెనక్కి పెట్టి, ఇంజను ఆపకుండా హారను కొట్టింది. ఒలిచిన రొయ్యలు బల్లల మీద గుట్టలుగా ఉన్నాయి. నానబెట్టే తొట్టి ఖాళీగా, కడిగి ఉంది. పక్కన పొడి సంచీ, పొడి కలిపిన నీళ్ళ బకెట్టు సిద్ధంగా ఉన్నాయి.

"వదినా, కానియ్యి" అన్నాడు మేస్త్రీ.

వదిన బకెట్టు పట్టుకుంది. ఎత్తలేదు.

"ఇవాళ తడపను."

తనకి సరిగ్గా వినపడలేదనుకున్నాడు మేస్త్రీ. "ఏంటి?"

"తడపనంటున్నా. తడిపితే దొంగ తూకమన్నావుగా మధ్యాహ్నం. ఎలా ఒలిచామో అలాగే పెట్టెల్లోకి ఎత్తుకోండి."

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు? అదే తొట్టి. అదే మందు. అదే చెయ్యి."

"మన ఓనరుకి చేస్తే దొంగతనం. బయటివాడికి చేస్తే వ్యాపారం. ఇన్నేళ్ళు చేశావు, ఇవాళ నీతులు పుట్టుకొచ్చాయా?"

"నీతులేం లేవు" అంది వదిన. నిజంగానే ఆమెకి నీతి సంగతి తోచలేదు. ఆ దేశం కాని దేశపువాడి మీద జాలీ లేదు. "నా చెయ్యి మంచిదని నన్నొదిలి దాన్ని శిక్షించావు. అందుకని ఈ చెయ్యి పనిచెయ్యదు."

లారీ హారను మళ్ళీ కొట్టింది. బల్లల మీద ఐసు కరిగి నేల మీదకి కారుతోంది. మేస్త్రీ చుట్టూ చూశాడు. "ఎవరమ్మా, ఎవరు తడుపుతారు?" రేడియో తన తొట్టిలో ఏదో పోగొట్టుకున్నట్టు వెతుకుతోంది. "నాకు చేతకాదు బాబూ, నేను తడిపితే నోరూరి సగం తాగేస్తాను" అంది, తల ఎత్తకుండా. ఎవరూ నవ్వలేదు. ఎవరూ లేవలేదు కూడా. అది తెగువో, భయమో, అలసటో వాళ్ళకే తెలియదు.

"సరే" అన్నాడు మేస్త్రీ. వాడి గొంతులో మురిపెం పోయింది. "లారీ ఇలా వెళ్ళిందంటే రేపు మీ ఇంట్లోంచి ఒక్కరు కూడా ఈ గేటు దాటి లోపలికి రారు. ఐసు ఫ్యాక్టరీ కూడా ఓనరు గారి బావమరిదిదే. గుర్తుంచుకో."

వదినకి గుర్తుంది. గుర్తుండే బకెట్టు పట్టుకున్న పిడికిలి బిగించింది.

అప్పుడు ఆడపడుచు పీట మీద నుంచి లేచింది. తడి చేతులు చీర కుచ్చెళ్ళకి అద్దుకుంటూ వచ్చింది. అద్దిన చోట గుడ్డ మీద పల్చగా ఎర్ర చారలు పడ్డాయి.

"వదినా, ఇటివ్వు."

"నువ్వెళ్ళి కూర్చో."

"నాకు తెలుసు వదినా, నువ్వు చేసేటప్పుడు చూశానుగా. ఎక్కడ నొక్కాలో తెలుసు." ఆమె మేస్త్రీ వైపు తిరిగింది. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "నేను తడుపుతా. రోజూ తడుపుతా. మిగతా పూట నన్ను పొట్టు షెడ్డులోనే ఉంచండి."

"నీకేమన్నా మతి పోయిందా? ఆ మందు నీళ్ళు పచ్చి పుండు మీద ఎలా మండుతాయో తెలుసా?" అంది వదిన.

"ఒక్క గంటేగా. మిగతా రోజంతా పొడిగానే ఉంటుందిగా."

మేస్త్రీ ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూశాడు. లారీ వైపు చూశాడు. "చూద్దాం" అన్నాడు.

ఆ షెడ్డులో 'చూద్దాం' అన్న మాటకి అర్థం ఏమిటో ఆడపడుచుకి తెలియక కాదు. తెలిసే ఆమె వంగి బకెట్టు కమ్మీ పట్టుకుంది. వదిన వదల్లేదు. లాగితే ఆ పిల్ల వేళ్ళ మీది పచ్చి చర్మం కమ్మీకి అంటుకుని లేస్తుందని లాగలేదు. వదిలితే ఆ చెయ్యి తిన్నగా మందు నీళ్ళలోకి పోతుందని వదల్లేదు.

"వదులు వదినా."

"నువ్వు వదులు."

లారీ డ్రైవరు దిగి తలుపు దగ్గరికొచ్చి లోపలికి తొంగి చూశాడు. కమ్మీ మీద నాలుగు చేతులు. ఎవరి వణుకో తెలియదు, బకెట్టులో తెల్లటి నీళ్ళు అంచు దాకా లేచి, మళ్ళీ వెనక్కి పోతున్నాయి.